మన మందిరపు రాతిగోడ



మన మందిరపు పాత రాతిగోడలకు లోపలా బయటా సిమెంటు పూత వేయించి రంగులేద్దామని కొందరు పెద్దలు అంటున్నారు. వారి ఆశ మంచిదే. ఉత్తరం వైపు చెమ్మ దిగుతోంది, సున్నం రాలి పిల్లల తలలమీద పడుతోంది. అయినా ఈ విషయంలో నేను వారితో ఏకీభవించలేకపోతున్నాను. ఎందుకో చెప్పాలంటే, పోయిన ఏడాది ఫ్రాన్సులో చూసిన ఒక పని గురించి ముందు చెప్పాలి.

అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న మన సంఘస్థుల కుటుంబం పిలిస్తే వెళ్లాను. వారు నన్ను బర్గండీ ప్రాంతంలో గెడెలాన్ అనే చోటికి తీసుకెళ్లారు. అడవి మధ్య, పాత రాతి క్వారీలో, 1997 నుంచి ఒక కోట కడుతున్నారు. 13వ శతాబ్దంలో ఎలా కట్టేవారో అలాగే, పునాది నుంచి కొత్తగా. చూడవచ్చినవాళ్ల టికెట్ల డబ్బుతోనే పని నడుస్తుంది.

క్వారీలో ఒకాయన బండమీద వరసగా గుంటలు చేసి, వాటిలో ఇనుప చీలలు పెట్టి సమ్మెటతో కొడుతున్నాడు. దెబ్బ దెబ్బకీ ఆగి వింటాడు. శబ్దం మారిందంటే రాయి లోపల చీలుతోందన్నమాట. మన వడ్డెర మేస్త్రీలు చేసేది అచ్చం ఇదే కదా! కొలతకు 12 సమభాగాలుగా ముళ్లు వేసిన తాడు ఉంది. దాన్ని 3, 4, 5 భాగాల త్రికోణంగా లాగి పట్టుకుంటే మూలమట్టం వచ్చేస్తుంది. రాళ్లు పైకి చేర్చేది పెద్ద చెక్క చక్రం. దాని లోపల మనిషి నడుస్తుంటే తాడు చుట్టుకుని బరువు లేస్తుంది. మొద్దుబారిన ఉలులను అక్కడి కొలిమిలోనే కాల్చి పదును పెడతారు. ఆ కాలపు బట్టలు వేసుకున్నా కళ్లకు అద్దాలూ కాళ్లకు గట్టి బూట్లూ ఉన్నాయి. మన దగ్గర చెప్పుల్లేకుండా రాళ్లు కొట్టేవాళ్లు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది మేస్త్రీల పక్కన నేర్చుకునేవాళ్లు కనబడటం. 2019 ఏప్రిల్ 15న పారిస్‌లో నోత్రదామ్ మందిరం పైకప్పు కాలిపోయింది. ఓక్ దూలాలను గొడ్డళ్లతో చెక్కి, పాత పద్ధతిలోనే కప్పును తిరిగి నిలబెట్టారు. గెడెలాన్‌లో చేయి తిరిగిన వడ్రంగులు కొందరు ఆ పనిలో ఉన్నారు. 2024 డిసెంబరులో మందిరం తెరుచుకుంది. ఆ చేతులు ముందే తయారుగా లేకపోతే ఏమయ్యేదో! బెసలేలుకు దేవుడు చెక్కే నేర్పుతోపాటు ఇతరులకు నేర్పే బుద్ధి కూడా ఇచ్చాడని నిర్గమకాండంలో చదువుతాం. మనం సాధారణంగా మొదటిదే చెప్పుకుంటాం.

ఇక మన గోడ సంగతి. ఇది రాయీ గానుగ సున్నంతో కట్టిన గోడ. లోపలికి ఎక్కిన చెమ్మ సున్నం గుండా బయటికి ఆరిపోతుంది. దానిమీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుని సున్నాన్ని, మెత్తటి రాయైతే రాయిని కూడా తినేస్తుంది. కొన్నాళ్లు మెరుస్తుంది, తర్వాత పెచ్చులు ఊడతాయి. సిమెంటైతే చవక, పని తొందరగా అవుతుంది అన్నది నిజమే, కాదనను. డంగు సున్నం ఆడించడం తెలిసినవాళ్లు మన చుట్టుపక్కల వేళ్లమీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. అందుకే ఈ పని వాయిదా వేయకూడదంటాను.

మెదక్ చర్చిని చూసి మనమంతా మురిసిపోతాం. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన ఆ రాతి మందిరం పనిని పోస్నెట్ దొరగారు కరువు రోజుల్లో పేదలకు తిండి దొరకాలనే చేయించారు. రాతిపని అంటే అప్పుడు అన్నం.

నేను అడిగేది ఇది. సిమెంటు పూతకు అనుకున్న డబ్బుతో ముందు ఉత్తరపు గోడ ఒక్కటే సున్నంతో బాగుచేయిద్దాం. పాత మేస్త్రీని పిలిచి పూర్తి కూలి ఇద్దాం. ఆయన పక్కన మన యవ్వనస్థులిద్దరిని పెడదాం, వాళ్లకూ రోజు కూలి ఇద్దాం. దయచేసి దీన్ని శ్రమదానం చేయకండి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చుంటున్నారు. నా మాట ఒప్పుకోనివారు కూడా తప్పక రండి, లెక్కలు పట్టుకుని రండి.