చెప్పింది చెప్పినట్టు చేసిచ్చాడు.. అదే కొంప ముంచింది

"మీరు చెప్పిందే చేసిన కద సార్!"

ఈ ముక్క విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. ఆఫీసులో వెండర్ అంటాడు, టీములో కొత్తగా చేరిన కుర్రాడు అంటాడు, నిజం చెప్పాలంటే నేనూ అంటాను. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో ఏముందో అదే కోడ్ చేశాం, అప్రూవల్ ఇచ్చింది మీరే, ఇహ మాకేం సంబంధం? అక్కడితో కాల్ కట్.

ఈసారి మాత్రం ఈ మాట నాతో అన్నది సాఫ్ట్‌వేర్ వాడు కాదు. నాచారంలో ఓ రేకుల షెడ్డులో పోటీ పిస్టళ్ళకి గ్రిప్పులు చెక్కి, ట్రిగ్గర్లు సరిచేసే ఓ పెద్దాయన. కస్టమర్ స్టూలు మీద కూర్చున్నది నేను. ఆ స్టూలు మీద కూర్చుంటే గానీ అర్థం కాలేదు, ఈ మాట ఎంత దరిద్రంగా వినిపిస్తుందో.

పిస్టల్ అనగానే కంగారు పడకండి. ఇది ఎయిర్ పిస్టల్. గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండుని 10 మీటర్ల దూరంలో ఉన్న టార్గెట్ మీదకి వదిలే ఒలింపిక్ ఆట. మేముండేది జవహర్‌నగర్‌లో, మా చిన్నమ్మ వాళ్ళిల్లు రెండు వీధుల అవతల. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచినప్పుడు చిన్నమ్మ కూతురు మరీ చిన్నపిల్ల. కానీ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చిందే, అప్పుడు మాత్రం టీవీ ముందు నుంచి కదల్లేదు. "అన్నయ్యా, నేనూ నేర్చుకుంటా" అంది. చిన్నాన్న ప్రావిడెంట్ ఫండ్ లోంచి కొంత, నా బోనస్ లోంచి కొంత వేసి సెకండ్ హ్యాండ్‌లో ఓ విదేశీ పిస్టల్ కొన్నాం. సమస్యల్లా ఒకటే, ఆ గ్రిప్పు ఇంతకుముందు వాడిన మగాయన చేతికి సరిపడా ఉంది. పిల్ల చెయ్యేమో అందులో సగం.

ఈ ఆటలో కొలతలు ఎలా ఉంటాయో కాస్త చెప్పాలి, లేకపోతే నా ఏడుపు మీకర్థం కాదు. టార్గెట్‌లో పది పాయింట్ల వృత్తం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. మన చొక్కా గుండీ అంత. పిస్టల్ మీద ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం సుమారు 34 సెంటీమీటర్లు అనుకోండి. ఆ రెండూ ఒక్క మిల్లీమీటర్ తేడాగా కుదిరితే, 10 మీటర్ల దూరంలో అది దాదాపు 30 మిల్లీమీటర్ల తేడా. పది రావాల్సిన చోట ఏడు వస్తుంది. అంచేత గ్రిప్పులో ఎక్కడ చెక్క తియ్యాలి, అరచేతి కింద పీట ఎంత ఎత్తుండాలి, ట్రిగ్గర్ వేలికి ఎంత దూరంలో ఉండాలి, మొదటి దశలో ఎంత బరువు, తెగే చోట ఎంత బరువు, తెగాక ఎంత జరగాలి.. ఒక్కోటీ ఒక్కో నిర్ణయం. మన భాషలో చెప్పాలంటే ఒక్కోటీ ఒక్కో కాన్ఫిగరేషన్ పెరామీటర్, ఒకటి మారిస్తే ఇంకోటి కదుల్తుంది.

ముందు వేరే ఒకాయన దగ్గరికి వెళ్ళాం. ఆయన సర్వజ్ఞుడు. పిల్లని నోరు తెరవనివ్వలేదు. "నీకేం తెల్వదు బిడ్డా, పెద్ద పెద్ద షూటర్లకు చేసిన, ఇదే పట్టుకో" అని తనకి నచ్చిన కోణంలో చెక్కిచ్చాడు. నెల తిరిగేసరికి పిల్ల మణికట్టు నొప్పి అని ఏడుపు. అంతకన్నా నష్టమేంటంటే, తీసేసిన చెక్క మళ్ళీ రాదు. మన దగ్గర రోల్‌బ్యాక్ ఉంటుంది. వాల్‌నట్ చెక్కకి ఉండదు, పుట్టీ పెట్టి పూడ్చుకోవాల్సిందే.

అది తట్టుకోలేక నాచారం పెద్దాయన దగ్గరికొచ్చాం. ఈయన పూర్తిగా రివర్సు. ఏదంటే అది.

అప్పటికి పిల్ల గుండ్లన్నీ కిందకీ ఎడమకీ పడుతున్నాయి. నేనేమో ఓ రాత్రంతా గూగుల్ చేసి, ట్రిగ్గర్ బరువెక్కువై గుంజుతోందని తేల్చేశాను. ఇంజినీరుని కదా! వెళ్ళి "ట్రిగ్గర్ తేలిక చెయ్యండన్నా" అన్నాను.

"ఎంత పెట్టాలె సార్?"

"రూల్ ఎంత?"

"ఐదొందల గ్రాములకు తక్కువ ఉండొద్దు."

"ఐతే అయిదొందలే పెట్టండి."

స్క్రూ తిప్పాడు, స్ప్రింగ్ త్రాసు కొక్కెం ట్రిగ్గర్‌కి తగిలించి లాగాడు, ముల్లు అయిదొందల దగ్గర చూపించాడు. డబ్బులిచ్చి వచ్చేశాం. మొత్తం పది నిమిషాలు. చాలా ఎఫిషియెంట్ అనుకున్నాను కూడా.

తర్వాత మూడు వారాలకి పోటీ. ఎక్కడ, ఏది అన్నది అనవసరం, నిర్వాహకుల తప్పు రవ్వంత కూడా లేదు. 60 షాట్లు, 75 నిమిషాలు. పిల్ల తన జీవితంలో అంత బాగా ఎప్పుడూ కాల్చలేదు. ఆఖరి షాట్ అయ్యాక రాండమ్‌గా కొందరి ట్రిగ్గర్ తూస్తారు. తన నంబరు వచ్చింది. బారెల్ నిలువుగా పైకి పెట్టి, 500 గ్రాముల బరువుని ట్రిగ్గర్ మధ్యలో తగిలించి లేపుతారు. ట్రిగ్గర్ ఆ బరువుని మోయాలి, తెగకూడదు. మొదటిసారి తెగింది. రెండోసారి తెగింది. మూడోసారి కూడా తెగింది. మూడే అవకాశాలు. డిస్‌క్వాలిఫైడ్.

మెట్రోలో ఉప్పల్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు పిల్ల. తిట్టినా బావుండేది.

మర్నాడు షెడ్డుకి వెళ్ళి అరిచాను. ఆయన కూల్‌గా అన్న మాటే మొదట్లో రాసింది.. "మీరు చెప్పిందే చేసిన కద సార్". గొడవ చల్లారాక టీ తెప్పించాడు. అప్పుడు మెల్లిగా ఒక్కోటీ బయటికొచ్చింది.

ఒకటి, కొలిచిన చోటు. ట్రిగ్గర్ ఒక మీట. తలుపుని కీలు దగ్గర తోస్తే బరువు, గడియ దగ్గర తోస్తే తేలిక. ఆయన కొక్కెం తగిలించింది పైన, కీలుకి దగ్గరగా. పోటీలో తూచింది మధ్యలో. పైన అయిదొందలు చూపించిన ట్రిగ్గర్ మధ్యలో అంతకన్నా తక్కువకే తెగుతుంది. మనవాళ్ళకి 1999 నాటి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ కథ తెలిసే ఉంటుంది. ఒక టీము పౌండ్లలో లెక్కేసింది, ఇంకో టీము న్యూటన్లలో అనుకుంది, అంగారకుడి దాకా వెళ్ళిన నౌక గోవిందా. అంకె గురించి అందరూ మాట్లాడారు, ఆ అంకె దేనికి అన్నది ఎవరూ మాట్లాడలేదు. మా కథా అంతే, కాకపోతే మాది నాచారం వెర్షన్.

రెండు, కొసరు. స్క్రూ కొద్దిగా వదులౌతుంది, స్ప్రింగ్ సర్దుకుంటుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు పదో ఇరవయ్యో గ్రాములు ఎక్కువే ఉంచుకుంటారు. ఇది ఆయనకి ముప్పై ఏళ్ళుగా తెలుసు.

మూడోది నన్ను పడుకోనివ్వలేదు. గుండ్లు కిందకీ ఎడమకీ పోతున్నది ట్రిగ్గర్ బరువు వల్ల కాదు! గ్రిప్పు లావుగా ఉండి, వేలి కొస మాత్రమే ట్రిగ్గర్‌కి అంది, నేరుగా వెనక్కి లాగాల్సింది పోయి పక్కకి నెడుతోంది. ట్రిగ్గర్‌ని కొంచెం వెనక్కి జరిపి, గ్రిప్పు పక్కన రెండు మిల్లీమీటర్లు గీస్తే సరిపోయేది. ఇదీ ఆయనకి పిల్ల చెయ్యి చూడగానే తెలిసిందిట.

"మరి చెప్పలేదేం?" అన్నాను.

"మీరు సదువుకున్నోళ్ళు. లైట్ చెయ్యమని అడిగిన్రు. నేను కాదంటె బాగుంటదా?"

ఇదిగో, నా గొడవంతా ఈ మాటతోనే. కస్టమరే దేవుడు అని మనం పెంచి పోషించిన అబద్ధం ఉందే, దాని అసలు రంగు ఇది. అది మర్యాద కాదు, తప్పుకోవడం. తెలిసి చెప్పకపోవడం వినయం కాదండీ. కస్టమర్ చెప్పిన పరిష్కారాన్ని ఉన్నదున్నట్టు అమలు చేసేసి, ఫలితం మాత్రం అతని నెత్తిన పెట్టడం. సర్వజ్ఞుడు పిల్ల మాట వినలేదు, పెద్దాయన తన మాట చెప్పలేదు. ఇద్దరి మధ్యా ఎంతో తేడా ఉందనుకున్నాను. ఏమీ లేదు. ఇద్దరూ ఒక్క ప్రశ్న అడగలేదు: "గుండు ఎక్కడ పడుతోందమ్మా? ఏదీ, పట్టుకుని చూపించు."

"ఆటగాళ్ళే చూసుకోవాలి, పరికరం బాధ్యత వాళ్ళదే" అంటారు. నిజమే, రూలూ అదే. పోటీకి ముందు అధికారిక బరువుతో తూచుకునే వీలుంటుంది కూడా. మేం తూచుకోలేదు, త్రాసు మీద చూశాం కదా అన్న ధీమా. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. కానీ శిక్ష ఎవరికి పడాలన్నది రూలు చెప్తుంది, తెలిసినవాడు నోరు మూసుకోవచ్చని చెప్పదు.

"కాదంటే కస్టమర్ పక్క షాపుకి పోతాడు, అతని పొట్ట సంగతేంటి?" అనీ అంటారు. ఇది కొంత నిజం. నెలకి పది పిస్టళ్ళు కూడా రాని షెడ్డులో కూర్చుని, ఐడీ కార్డు మెడలో వేసుకొచ్చిన వాడితో వాదించడం తేలిక కాదు. ఆ భయం పెట్టింది మనమే. కానీ కాదనక్కర్లేదు కదా! "పెడత సార్, కానీ పోటీల ఫెయిలైతె నన్ననొద్దు, ఐదొందల ఇరవై పెట్టుకుంటె మంచిది" అంటే పోయేదేముంది? నిర్ణయం కస్టమర్‌దే, ఖరీదు చెప్పాల్సింది మాత్రం చేసేవాడు.

ఖరీదు అంటే రూపాయలు కాదు. మను భాకర్ సంగతి గుర్తుందిగా? 2021 జులై 25, టోక్యో. క్వాలిఫికేషన్ మధ్యలో ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉన్న పిస్టల్లో చిన్న లీవర్ విరిగింది. దాన్ని మార్చేసరికి పావుగంట పైనే పోయింది. మిగిలిన కొద్ది సమయంలో కాలుస్తూ పోయి 575 తెచ్చింది, పన్నెండో స్థానం, రెండు పాయింట్లతో ఫైనల్ తప్పింది. అది ఎవరి నిర్లక్ష్యమనీ నేననను, యంత్రమన్నాక విరుగుతుంది. 2024 పారిస్‌లో రెండు కాంస్యాలతో ఆమె లెక్క సరిచేసుకుంది కూడా. నేను చెప్పేదేంటంటే, ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ప్రతిసారీ ఒకేలా తెగుతుంది, కానీ అందులో బ్యాటరీ, సర్క్యూట్ ఉంటాయి. మెకానికల్‌కి అవి ఉండవు, కానీ అరుగుతుంది, మురికి పడుతుంది. రెండింట్లో ఏదీ తప్పు కాదు. ఏది ఎంచుకుంటే ఏ రోజున ఏం కోల్పోవచ్చో ముందే ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పకపోవడమే తప్పు.

ఇహ మన సంగతి. పొద్దున్నే ఉప్పల్లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగి, రోజంతా "క్లయింట్‌కి ఏం కావాలో క్లయింట్‌కే తెలీదు" అని కాఫీ మెషీన్ దగ్గర జోకులేసుకునే మనం, సాయంత్రం వడ్రంగి దగ్గరికో, మెకానిక్ దగ్గరికో, డాక్టర్ దగ్గరికో వెళ్ళి అచ్చం ఆ క్లయింట్ లాగే ప్రవర్తిస్తాం. జబ్బు చెప్పం, మందు పేరు చెప్తాం. నేను "గుండు కిందకి ఎడమకి పోతోందన్నా" అని ఉంటే ఆ పెద్దాయన పిల్ల చెయ్యి పట్టుకుని చూసేవాడు. "ట్రిగ్గర్ తేలిక చెయ్యండి" అన్నాను కాబట్టి స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు.

ఆ టీ తర్వాత ఓ రెండొందల పేజీల నోటుబుక్కు కొనిచ్చాను. పిస్టల్ వచ్చినప్పుడు ఎలా ఉంది, షూటర్ ఏం ఇబ్బంది చెప్పారు, ఏం మార్చాం, ఏం మార్చొద్దన్నాం, ఎక్కడ పెట్టి తూచాం. అయిదు గళ్ళు. నెల తర్వాత వెళ్తే మా పేజీ తప్ప ఇంకేం లేదనుకున్నాను. పదకొండు పేజీలు నిండి ఉన్నాయి. ఒక పేజీలో తెలుగులో పెద్ద అక్షరాలతో, "వద్దని చెప్పిన. వినలే. సంతకం తీసుకున్న." చదివి నవ్వాగలేదు.

మా పిస్టల్ ట్రిగ్గర్ ఇప్పుడు 520 దగ్గర ఉంది, మధ్యలో తూచి. స్క్రూ కదిలితే తెలియాలని దాని తల మీద పిల్ల గోళ్ళ రంగు చుక్క పెట్టింది, ఎర్రది. గుండ్లు చాలావరకు మధ్యకొచ్చాయి. మొన్న ఆదివారం పెద్దాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. "అంకుల్, ఒక్క పది గ్రాములు తగ్గించరా ప్లీజ్" అంది.

ఆయన నావైపు చూడలేదు. పిల్ల వైపే చూసి, "ఎందుకు బిడ్డా? గుండు ఎటు పోతుంది?" అన్నాడు.

పిల్ల కాసేపు ఆలోచించి, పిస్టల్ మళ్ళీ పెట్టెలో పెట్టేసుకుంది.