గాజు పెంకుల గట్టు మీద చింతపండు పులుసు

పాత సీసాలు పగలగొట్టి వంటగదికి గట్టు చేస్తారంటే మన ఊళ్లో ఎవరూ నమ్మరు. కానీ అమెరికాలో చేస్తున్నారు. ఖాళీ బీరు సీసాలు, పాత కిటికీ అద్దాలు ముక్కలు చేసి, కడిగి, సిమెంటులోనో రెజిన్‌లోనో కలిపి పలకలుగా పోతపోసి పాలిష్ పడతారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ నేవీ యార్డ్‌లో ఐస్‌స్టోన్ అనే సంస్థ 2003లోనే ఈ పని మొదలుపెట్టింది.

మా న్యూజెర్సీ ఇంట్లో సింకు పక్కన లామినేట్ గట్టు నీళ్లు తాగి తాగి ఉబ్బిపోయింది. ఇక కొత్తది వేయించక తప్పదు. షాపులో నీలం, ఆకుపచ్చ ముక్కలు మెరుస్తున్న గాజు పలక చూడగానే మా ఆవిడ అక్కడే ఆగిపోయింది. నిజం చెప్పొద్దూ, నేనూ ఆగిపోయాను.

ఒప్పుకోనిది అమ్మ. వచ్చే నెలలో వచ్చి ఆర్నెల్లు ఇక్కడే ఉంటుంది, ఆ గట్టు మీద వంట చేసేదీ తనే. వీడియో కాల్‌లో చూపిస్తే, "పగిలిన గాజు ఇంట్లో ఉంచకూడదని నీకు చిన్నప్పటినించీ చెప్తున్నా కదరా, ఇప్పుడు డబ్బులిచ్చి కొంటావా?" అంది. "అది పగిలింది కాదత్తయ్యా, మళ్లీ అతికించింది" అని మా ఆవిడ సర్దిచెప్పబోయింది.

ఆ మాటలోనే అసలు విషయం ఉంది. అతికించింది దేనితో?

గాజుకి పులుపంటే లెక్కలేదు. ఆవకాయ జాడీలోనూ ఉంటుంది, గాజు సీసాలోనూ ఉంటుంది. కానీ సిమెంటు అలా కాదు. నిమ్మరసం, చింతపండు, వెనిగర్ ఏది పడినా దాన్ని మెల్లగా తినేస్తాయి. రెజిన్ పులుపుకి తట్టుకుంటుంది కానీ వేడికి తట్టుకోదు. అంటే షాపువాళ్లు గాజు గురించి ఎంత చెప్పినా, మన వంటింట్లో గట్టు ఎన్నాళ్లుంటుందో తేల్చేది ఆ మధ్యలో ఉన్న జిగురే. మా ఆఫీసులో ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా అది కింద దేని మీద ఆధారపడిందో ముందు చూస్తాం. ఇక్కడా అంతే.

షాపులో అడిగితే రెండు రకాలవీ అరచేయంత ముక్కలిచ్చారు. ఇంటికి తెచ్చి, సిమెంటు ముక్క మీద ఒక చుక్క చింతపండు పులుసు, ఒక చుక్క నిమ్మరసం, పసుపు కలిపిన నూనె ఇంకో చుక్క వేసి రాత్రంతా వదిలేశాం. పొద్దున తుడిస్తే నిమ్మరసం పడ్డచోట మెరుపు పోయింది. వేలితో రాస్తే గరుగ్గా తగిలింది. తమాషా ఏంటంటే, ఆ మచ్చ మధ్యలో గాజు ముక్కలు మాత్రం ఎప్పటిలాగే తళతళలాడుతున్నాయి! పసుపు మరక సరేసరి, పోలేదు. రెజిన్ ముక్క మీద స్టవ్ మీంచి దించిన మూకుడు పెట్టాం. తెల్లటి మచ్చ పడింది.

సీలర్ పూసుకుంటే చాలంటారు. అది మరకలు లోపలికి ఇంకడాన్ని ఆలస్యం చేస్తుంది. పులుపు పైపొరని తినకుండా మాత్రం పూర్తిగా ఆపలేదు. చిందిన వెంటనే తుడిచే ఇల్లయితే పర్వాలేదు. రోజూ చారు, వారానికి రెండుసార్లు పులిహోర చేసే ఇంట్లో ఎవరు కాపలా కూర్చుంటారు?

ఇక పర్యావరణం సంగతి. దీని మీద నా అభిప్రాయం కాస్త వేరు. ఒకే రంగు సీసాల్ని విడిగా ఏరితే, వాటిని కరిగించి మళ్లీ సీసాలే చేయొచ్చు, ఎన్నిసార్లయినా. వాటికి అదే మంచి దారి. రంగులు కలిసిపోయిన పెంకులు సీసాల ఫ్యాక్టరీలకి అంతగా పనికిరావు. గట్టుకి వెళ్లాల్సింది అవి. పైగా మధ్యలో ఉన్నది సిమెంటు. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సిమెంటు వాటా 7-8 శాతం దాకా ఉంటుందని అంచనా.

గాజు వైపు గట్టిగా నిలబడే వాదన ఇంకొకటుంది, దాన్ని షాపులో ఎవరూ చెప్పరు. ఇప్పుడు ఎక్కడ చూసినా వేయిస్తున్న కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో 90 శాతానికి పైగా స్ఫటిక సిలికా ఉండొచ్చు. వాటిని నీళ్లు లేకుండా పొడిగా కోస్తే లేచే దుమ్ము కార్మికుల ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. వయసులో ఉన్న కుర్రాళ్లు కూడా దాని బారిన పడ్డారు. అందుకే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ రాయి తయారీనీ అమ్మకాన్నీ బిగించడాన్నీ నిషేధించింది. గాజులోనూ సిలికానే ఉంటుంది కానీ స్ఫటిక రూపంలో ఉండదు, కాబట్టి ఆ ప్రమాదం బాగా తక్కువ. అయినా ఏ పలకైనా నీళ్లు పోస్తూనే కోయమని అడగండి. మనింటి గట్టు కోసం ఇంకొకరి ఊపిరి పోకూడదు కదా.

గాజు పలకల వెనక వరసలో నల్లటి రాయి ఒకటి కనిపించింది. లోపల బంగారు చుక్కలు. పేరు బ్లాక్ గెలాక్సీ. నాకు నవ్వాగలేదు. మా ఒంగోలు పక్కనున్న చీమకుర్తి రాయి! వ్యాపారంలో గ్రానైట్ అంటారు కానీ, భూగర్భ శాస్త్రవేత్తల లెక్కలో ఇది గాబ్రో జాతి. నిమ్మకాయకీ వేడి మూకుడుకీ తేలిగ్గా లొంగదు. కాకపోతే సముద్రాలు దాటి వచ్చింది, ఆ లెక్కా ఉంది. అమ్మకి చూపిస్తే ఇంకేముంది, "మన రాయి అక్కడిదాకా వస్తే నీకు పెంకులెందుకురా" అని మొదలుపెట్టింది.

చివరికి స్టవ్‌కీ సింకుకీ అటూ ఇటూ చీమకుర్తి రాయి వేయిస్తున్నాం. కిటికీ దగ్గర కాఫీ తాగే చిన్న బల్లకి మాత్రం గాజు పలక. దాని మీద లాప్‌టాప్ తప్ప చింతపండు పడదు. అదీ కొత్తది కొనలేదు. రాళ్లు కోసేవాళ్ల యార్డులో వేరేవాళ్ల పని అయ్యాక మిగిలిన ముక్కలుంటాయి, వాటిలోంచి ఏరుకున్నాం. మీరు చిన్న బల్లకో బాత్రూమ్ సింకుకో చూస్తుంటే ముందు అక్కడికి వెళ్లండి, ధర చాలా తగ్గుతుంది.

కొబ్బరికాయ మాత్రం ఏ గట్టు అంచు మీదా కొట్టొద్దు. ఆ పనికి బయట మెట్టుంది.