ఖాళీ తరంగాలను అద్దెకివ్వండి

కేంద్ర టెలికాం శాఖ కార్యదర్శి గారికి,



2024 జూన్ వేలంలో దాదాపు 10,500 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ పెడితే అమ్ముడైంది 141 మాత్రమే. మిగిలింది గోదాములో దాచుకునే సరుకు కాదు. ఈ రోజు వాడకపోతే ఈ రోజు విలువ పోయినట్టే.

కోయంబత్తూరులోని సింగానల్లూరు వైపు పంపుసెట్ల వర్క్‌షాపుల రేకుల షెడ్లలోకి సిగ్నల్ సరిగా దూరదు. సొంత 5జీ పెట్టుకుందామంటే? స్పెక్ట్రమ్‌ను నేరుగా కేటాయించడం కోసం 2022లో శాఖ పిలిచింది 100 కోట్లకు పైగా నికర విలువున్న సంస్థలనే. నాలుగు లేతు మిషన్లున్నవాడు టెలికాం కంపెనీతోనే లీజు బేరమాడాలి. ఆ బేరం ఎటు తేలుతుందో చెప్పాలా!

అమెరికాలో 3.5 గిగాహెర్ట్జ్ పట్టీలో నౌకాదళ రాడార్లదే మొదటి హక్కు. అవి వాడనప్పుడు ఇతరులకు కంప్యూటరే కేటాయిస్తుంది. అమ్ముడుపోని పట్టీల్లో ఇక్కడా అలాంటి ఏర్పాటు చేసి, పేట పరిధికి, తక్కువ అద్దెకు ఇప్పించండి.