గుండె కవాటానికి ఫంగస్: యాంటీబయాటిక్ కన్నా ముందు రక్త పరీక్ష ఎందుకు?

గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవారికి కారణం తెలియని జ్వరం వస్తే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకోవడం ప్రమాదకరం. తెనాలి, బాపట్ల, రేపల్లె వాసులు తెలుసుకోవాల్సిన విషయాలివి.

ఏమిటీ జబ్బు?

కవాటాలకు సోకే ఇన్ఫెక్షన్‌ను ఎండోకార్డైటిస్ అంటారు. ఎక్కువగా బ్యాక్టీరియా వల్లే వస్తుంది. ఫంగస్ వల్ల వచ్చేవి నూటికి ఒకటి రెండే. అయితే వాటిలో మరణాలు చాలా ఎక్కువ. ముఖ్యంగా క్యాండిడా, ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్‌లు దీనికి కారణం. కవాటంపై పేరుకున్న గడ్డ ముక్కలై మెదడుకో కాలికో వెళ్లే రక్తాన్ని అడ్డుకోవచ్చు.

ఎవరికి ముప్పు?

కవాటం మార్పిడి చేయించుకున్నవారికి, ఐసీయూలో మెడ దగ్గర పెద్ద లైన్ పెట్టించుకున్నవారికి, వారాల తరబడి యాంటీబయాటిక్స్ వాడినవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ముప్పు ఎక్కువ.

రక్త పరీక్ష ముందెందుకు?

యాంటీబయాటిక్ పడ్డాక బ్లడ్ కల్చర్‌లో బ్యాక్టీరియా దొరక్కపోవచ్చు. ఆస్పర్‌జిల్లస్ అయితే కల్చర్‌లో అసలే అరుదుగా కనిపిస్తుంది. రిపోర్టు 'నెగెటివ్' వస్తే, బ్యాక్టీరియా మందుల వల్ల కనిపించలేదా, లేక ఫంగస్ ఉందా అన్నది తేల్చడం కష్టమవుతుంది. అందుకే మొదటి డోసుకు ముందే రక్తం తీయించుకోవాలి. ఎకో పరీక్ష కూడా అవసరం.

ఎక్కడికి వెళ్లాలి?

2022 ఏప్రిల్ 4న బాపట్ల, రేపల్లె కొత్త జిల్లాలోకి వెళ్లాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. అయినా మూడు ఊళ్లకూ దగ్గర్లోని పెద్దాసుపత్రి గుంటూరు జీజీహెచ్. అక్కడ 2015లో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంతో గుండె ఆపరేషన్లు మొదలయ్యాయి. స్థానిక ఆసుపత్రిలో కల్చర్, ఎకో లేకపోతే ఆలస్యం చేయకుండా రిఫర్ చేయించుకోవాలి. ఆయాసం, మాట తడబడటం, కాలు చల్లబడటం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఖర్చు సంగతి?

చికిత్స అంటే వారాల తరబడి ఆంఫోటెరిసిన్ వంటి ఇంజెక్షన్లు, చాలామందికి మళ్లీ ఆపరేషన్. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు దేశమంతా ఈ ఇంజెక్షన్లకు కొరత ఏర్పడింది. అప్పుడు రాష్ట్రం ఆ జబ్బును ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఆ పథకమే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. ఆపరేషన్‌తో పాటు ఇంజెక్షన్ల ఖర్చు కూడా ప్యాకేజీలో వస్తుందా, స్టాకు ఉందా అని అడ్మిషన్ రోజే ఆసుపత్రిలోని హెల్ప్‌డెస్క్‌లో అడగండి. సందేహాలుంటే 104కు కాల్ చేయవచ్చు.

కవాటం ఆపరేషన్ కాగితాలు ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, మందు రాసేలోపే వాటిని చూపించండి.