చుట్టే చేతికి హెచ్చరిక ఏదీ?

బీడీ కట్ట మీద పుర్రె గుర్తు వేయాలని కేంద్రం 2006లో నిబంధన తెచ్చింది. దాని మీద ఇందూరు (నిజామాబాద్) వీధుల్లో ఆందోళనకు దిగింది బీడీ తాగేవాళ్లు కాదు, బీడీలు చుట్టే ఆడవాళ్లు. బయటివాళ్లకు విడ్డూరంగానే తోచి ఉంటుంది. వాళ్ల లెక్క మాత్రం సూటిది. పుర్రె పడితే గిరాకీ పడిపోతుంది, గిరాకీ పడితే కంపెనీ ఆకు ఇవ్వదు, ఆకు రాకపోతే పొయ్యి వెలగదు. మరుసటి ఏడాది చట్టం సవరించి, పుర్రె తప్పనిసరి కాదన్నారు. 2009లో బొమ్మల హెచ్చరికలు మొదలయ్యాయి, 2016లో అవి ప్యాకెట్టు మీద 85 శాతం జాగాలో ఉండాలన్నారు. ఇంత రభసలో హెచ్చరికంతా తాగేవాడికే పోయింది. రోజంతా తంబాకు చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునే మనిషి సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆ పని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. తునికాకు నానబెట్టి, తడి గుడ్డలో చుట్టి ఉంచుతారు. పొద్దున్నే వంట అయ్యాక గోడకు చేరగిలబడి, రేకు ముక్క కొలతగా పెట్టి కత్తెరతో ఆకు కోస్తారు. చాటలోంచి చిటికెడు తంబాకు తీసి ఆకులో పరిచి, చుట్టి, దారం కట్టి, కొస మడుస్తారు. చేయి తిరిగిన మనిషి దినానికి ఎనిమిది వందలు, వెయ్యి దాకా చుట్టగలదు. మెడ వంగే ఉంటుంది. తంబాకు దుమ్ము ముక్కులోకి, గొంతులోకి పోతూనే ఉంటుంది. ఆ గదిలోనే పసిపిల్ల నిద్రపోతుంది, ఆ గదిలోనే కూర ఉడుకుతుంది. తీరా కట్టలు కట్టి తీసుకుపోతే, బాగాలేవని టేకేదారు కొన్ని పక్కన పడేస్తాడు. వాటికి కూలి లేదు. "దగ్గు పోతలేదంటే డాక్టరు బీడీలు బంద్ పెట్టుమంటడు. బంద్ పెడితే ఆయన మందులకు పైసలు ఎవలిస్తరు?" అని ఆర్మూరు వైపు ఒక అక్క అడిగింది. ఆ ప్రశ్నకు వైద్యశాస్త్రంలో జవాబు లేదు.

కాగితం మీద ఆమెకు హక్కులు లేవని కాదు. బీడీ కార్మికుల చట్టం 1966లోనే వచ్చింది. సంక్షేమ నిధి 1976లో, పీఎఫ్ ఆ మరుసటి ఏడాది వచ్చాయి. ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లు మా కార్మికులు కారని యజమానులు వాదిస్తే 1985లో సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. బీడీల మీద సెస్సు వసూలు చేసి, ఆ డబ్బుతో కార్మికులకు దవాఖానాలు నడపడం, పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇవ్వడం ఒక మంచి ఏర్పాటు. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ సెస్సు ఎత్తేశారు. పన్ను ఆగలేదు సుమా, బీడీ మీద 28 శాతం వేశారు. ఆగింది ఆమె పేరు మీద విడిగా జమయ్యే వాటా.

తెలంగాణ వచ్చాక జీవన భృతి ఇచ్చారు. మొదట 1,000 రూపాయలు, 2019లో 2,016 చేశారు. మంచిదే, కాదనను. కానీ 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఉండాలని మొదట పెట్టిన మెలికతో, ఒకే అరుగు మీద చాటలు పెట్టుకుని కూర్చునే అత్తకు పింఛను వచ్చింది, కోడలికి రాలేదు. తంబాకు ఏమైనా తేదీ చూసి ఊపిరితిత్తుల్లోకి పోతుందా?

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. 2023 డిసెంబరులో దాని పరిమితి పది లక్షలకు పెంచారు కూడా. అయితే అది ముఖ్యంగా ఆసుపత్రిలో చేరాక అక్కరకొచ్చే పథకం. బీడీ కార్మికురాలి జబ్బు మంచం పట్టించేది కాదు, కూర్చోబెట్టి తినేసేది. ఎడతెగని దగ్గు, ఆయాసం, మెడనొప్పి, నడుమునొప్పి, రక్తహీనత. వీటన్నిటికీ తిరగాల్సింది ఓపీ చీటీ పట్టుకునే. నిజామాబాద్‌లో డాక్టర్లకు కొదవ లేదు. 2013లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, ఖలీల్‌వాడిలో అడుగుకో ఆసుపత్రి బోర్డు కనబడుతుంది. దూరం కిలోమీటర్లలో లేదు. ఒక రోజు ఖలీల్‌వాడికి పోతే ఆ రోజు బీడీలు లేవు, పైగా ఫీజు, టెస్టులు, మందులు.

ఈ దూరాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ ఒకటి 2008లో లెక్కగట్టి చూపించింది. స్కాట్లండ్‌లో గ్లాస్గోలోని కాల్టన్ అనే పేదవాడలో మగవాళ్ల సగటు ఆయుర్దాయం 54 ఏళ్లు, కొద్ది కిలోమీటర్ల అవతలి లెంజీలో 82. ఉచిత వైద్యం ఉన్న దేశంలోనే ఇరవై ఎనిమిదేళ్ల తేడా! ఏ ఇంట్లో పుట్టాం, ఏం పని చేస్తున్నాం అన్నవే మనిషి ఆయుష్షును కోస్తాయని ఆ నివేదిక చెప్పింది. మన దేశం 2004లో ఆమోదించిన అంతర్జాతీయ పొగాకు ఒప్పందంలోనూ ఈ ఆడవాళ్ల ప్రస్తావన ఉంది. పొగాకు కార్మికులకు వేరే బతుకుదెరువు చూపాలని 17వ అధికరణం, వాళ్ల ఆరోగ్యాన్ని కాపాడాలని 18వ అధికరణం చెబుతున్నాయి. ప్యాకెట్ల మీద బొమ్మలు వేయమన్న 11వ అధికరణం మాత్రం మన సర్కార్లకు బాగా గుర్తుంది. బొమ్మకు ఖర్చు కంపెనీది కదా.

ఇదే జిల్లాలోని బోధన్ సంగతీ ఇక్కడ చెప్పాలి. 1937లో పుట్టిన షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతపడింది. దాన్ని తెరిపిస్తామనే మాట ప్రతి ఎన్నికలోనూ వినబడుతుంది, తెరిపించాల్సిందే. ఫ్యాక్టరీ కార్మికుడికి ఒక గేటు ఉండేది. గేటు లోపల దెబ్బ తగిలితే రిజిస్టరులో రాసేవారు, యూనియన్ అడిగేది. బీడీ కార్మికురాలికి గేటు ఆమె కడపే. ఆమె దగ్గు ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

కంపెనీలు ఆకు, తంబాకు తూచి ఇచ్చే కేంద్రాలు ఊరూరా ఉన్నాయి. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి ఆ ఆడవాళ్లు ఎలాగూ అక్కడికి వస్తారు. మెడికల్ కాలేజీ నుంచి ఒక బృందాన్ని అక్కడికే పంపి, ఏడాదికోసారి టీబీ, ఊపిరితిత్తుల, రక్త పరీక్షలు చేయించడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టరు ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. ఆ ఉత్తర్వు ఈ సంవత్సరమే ఇవ్వండి.