నిక్సీ గడియారాలూ, నిష్కారణ వధలూ

మొన్న ఒక పూర్వ విద్యార్థి ఆరు నిక్సీ ట్యూబులతో కట్టిన గడియారం తెచ్చి నా బల్లమీద పెట్టాడు. దీపం ఆర్పగానే గాజులోపల నారింజరంగు అంకెలు తేలాయి. ముచ్చటపడ్డాను. "ఇవి ఎక్కడ దొరికాయి నాయనా?" అన్నాను.

"ఒక కళాశాలవారు పాత ఫ్రీక్వెన్సీ కౌంటరును తుక్కుక్రింద అమ్మేశారు మాష్టారూ. పనిచేస్తూనే ఉంది. ట్యూబులు ఊడదీసుకుని పెట్టెను తుక్కువాడికే ఇచ్చేశాను."

నా ముచ్చట అక్కడితో సరి.

పనిచేసే పరికరాన్ని అంకెలకోసం చీల్చడం, తాళపత్ర గ్రంథాన్ని బొమ్మలకోసం కత్తిరించుకోవడం వంటిది. "ఎవరూ వాడటం లేదు కదా" అంటారు. వాడనివన్నీ కోయదగినవేనా? ఆ లెక్కన విశ్రాంత తెలుగు పండితుల గతి ఏమిటి!

గత్యంతరం లేదా అంటే, ఉంది. అమెరికాలో బరోస్ కంపెనీ 1955లో ప్రవేశపెట్టిన ఈ ట్యూబులను తరువాత సోవియట్ దేశమూ విస్తారంగా చేసింది. ఐ.ఎన్-12, ఐ.ఎన్-14 రకాలు వాడని పాత నిల్వలనుంచి నేటికీ అమ్మకానికి వస్తున్నాయి. (ఐ.ఎన్-12లో 5 అంటే తలక్రిందులు చేసిన 2 మాత్రమే. పిల్లల కాపీపుస్తకంలోనైతే ఎర్రసిరాతో దిద్దేవాణ్ణి.) చెక్ దేశంలో డాలిబోర్ ఫార్నీ కొత్తవే చేతితో తయారుచేస్తున్నారు. ఖరీదు ఎక్కువే. అంత పెట్టలేనివారు నాలుగంకెల గడియారంతో తృప్తిపడవచ్చును.

సరే, తెచ్చినవాటినైనా బ్రతకనిస్తారా? కాంతి చాలలేదని మావాడు యానోడు రెసిస్టరు విలువ తగ్గించేశాడు. వాయువు ఒకసారి వెలిగాక ప్రవాహాన్ని తనంత తాను అదుపుచేసుకోదు; ఆ పని రెసిస్టరుదే. 170 వోల్టులిస్తే ట్యూబు సుమారు 140 పట్టుకుంటుంది. మిగిలిన 30 వోల్టులకు, 2 మిల్లీయాంపులు చాలుననుకుంటే, 15 కిలో ఓములు కావాలి. తెలుగు పండితుడికే తెలిసిన లెక్క ఇది! ప్రవాహం మితిమీరితే అంకెల లోహం చెదిరి గాజును నల్లబరుస్తుంది.

పైగా గంటల పదుల స్థానంలో 0, 1, 2 తప్ప మరొకటి వెలగదు. మూలబడ్డ అంకెలమీద ఆ లోహపు పొర పేరుకుని అవి అక్కడక్కడ వెలగకుండా పోతాయి. రోజూ కాసేపు అన్ని అంకెలనూ వరుసగా తిప్పితే ఆ జబ్బు చాలవరకు రాదు. ఆ నాలుగు పంక్తుల ప్రోగ్రాము వ్రాయడానికి తీరికలేనివారికి, ట్యూబుల క్రింద నీలం ఎల్.ఇ.డి.లు అమర్చడానికి మాత్రం తీరిక ఉంటుంది.

ఆ కౌంటరు పెట్టె ఇంకా తుక్కు దుకాణంలోనే ఉందట. ట్యూబులు తిరిగి పెడతావా అని అడిగాను. "చూద్దాం మాష్టారూ" అన్నాడు. వాడి 'చూద్దాం' సంగతి పదో తరగతినుంచీ ఎరుగుదును.