పాత జీపు కొంటున్నారా... కిందికి వంగి చూడండి!

లద్దాఖ్ వెళ్లాలి. విమానంలో కాదు, సొంత బండిలో. పిల్లలకు సెలవులివ్వగానే హైదరాబాద్‌లో బయల్దేరి నాగ్‌పూర్, ఢిల్లీ, మనాలీ మీదుగా కొండలెక్కుతూ లేహ్ దాకా. ఒకవైపే దాదాపు రెండున్నర వేల కిలోమీటర్లు. ఈ కోరిక పుట్టిన ఇంట్లో మర్నాడే కొత్త ఫోర్‌వీల్ డ్రైవ్ బళ్ల ధరలు వాకబు చేస్తారు. 2023 జూన్‌లో జిమ్నీ వచ్చినప్పుడు దాని షోరూం ధరే 12.74 లక్షల రూపాయల దగ్గర మొదలైంది. పన్నులూ బీమా కలిపితే ఇంకా పైకి. కోరిక కాస్తా చల్లబడుతుంది. సరిగ్గా అప్పుడే బావమరిది అంటాడు... ‘కొత్తదెందుకు బావా, పాతది చూద్దాం. సగానికే వస్తుంది’ అని.

రావడం వస్తుంది. కానీ పాత మారుతీ ఆల్టో కొనడం వేరు, పాత ఫోర్‌వీల్ డ్రైవ్ కొనడం వేరు. ఆల్టో ఊళ్లో ఆగిపోతే ఆటో ఎక్కి ఇంటికొస్తాం. ఇది ఆగేది ఏ సెల్‌ఫోనూ పలకని చోట, పదిహేను వేల అడుగుల ఎత్తున, వెనక సీట్లో పిల్లలుండగా. కొనేటప్పుడు మిగిలిందనుకున్న లక్ష అక్కడ ఎందుకూ కొరగాదు.

అసలు అవసరమా?

ముందు ఈ సంగతి తేల్చుకోవాలి. వేసవిలో మనాలీ-లేహ్ దారిలో మామూలు చిన్నకార్లూ మోటారుసైకిళ్లూ పోతూనే ఉంటాయి. 2020 అక్టోబరులో తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తంగ్ కనుమ ఎక్కిదిగే పనీ తప్పింది. ఇక మన మారేడుమిల్లి, అరకు, లంబసింగి అంటారా, ఆ ఘాట్‌రోడ్లకు నాలుగు చక్రాల బలం అక్కర్లేదు. మంచి బ్రేకులూ మంచి టైర్లూ చాలు.

మరి ఎక్కడ కావాలి? హిమాచల్‌లో స్పితి వైపు తిరిగితే గ్రాంఫూ నుంచి బాతల్ దాకా ఏళ్ల తరబడి పేరుమోసిన రాళ్లదారి ఉంది. అడ్డంగా వాగులు పారుతుంటాయి. నాలా అంటారు అక్కడివాళ్లు. పొద్దున్నే చక్రం సగం కూడా మునగని వాగు మధ్యాహ్నానికి ఉరకలేస్తుంది. ఎండ ముదిరి పైన మంచు కరుగుతుంది కదా, అదీ కారణం. అలాంటి చోట, జైసల్మేర్ ఇసుకలో, వానాకాలం బురదలో ఫోర్‌వీల్ డ్రైవ్ అక్కరకొస్తుంది. మీ ప్రయాణాల్లో ఇవేవీ లేకపోతే ఆ డబ్బుతో శుభ్రమైన మామూలు బండి కొనుక్కుని మిగిలింది పెట్రోలుకు పెట్టుకోవచ్చు. జీపు మీద మోజు తీరకపోవచ్చు గానీ జేబుకు మాత్రం మేలు.

మూడు గుర్తుల కర్ర

పాత జీపుల్లో గేరు కర్ర పక్కన ఇంకో చిన్న కర్ర ఉంటుంది. దాని మీద 2హెచ్, 4హెచ్, 4ఎల్ అని గుర్తులు. మొదటిది మామూలు రోడ్డుకు. అప్పుడు వెనక చక్రాలే బండిని తోస్తాయి. రెండోది జారే నేలకు. ముందు చక్రాలూ తోడొచ్చి లాగుతాయి. మూడోది, 4ఎల్, నిజమైన మొనగాడు. వేగం బాగా తగ్గి చక్రాల దగ్గర బలం పెరుగుతుంది. నిట్టనిలువు రాళ్ల దారి ఎక్కాలన్నా, బ్రేకు మీద కాలు పెట్టకుండా మెల్లగా దిగాలన్నా ఇదే ఆధారం. కొన్ని బళ్లలో కర్రకు బదులు డ్యాష్‌బోర్డు మీద తిప్పే మీట ఉంటుంది.

ఈ రకం బండిని పొడి తారురోడ్డు మీద 4హెచ్‌లో నడపకూడదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు తిరిగే దూరం, వెనకవి తిరిగే దూరం ఒకటి కావు. బురదలోనైతే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు కాబట్టి ఆ ఒత్తిడంతా లోపలి పళ్లచక్రాల మీద పడుతుంది. అందుకే అమ్మేవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న, ‘ఫోర్‌వీల్ ఎప్పుడెప్పుడు వేస్తారు?’ అని. ‘గ్రిప్ బాగుంటుందని హైవే మీద ఎప్పుడూ వేసే ఉంచుతా సార్’ అన్నారా, ఆ బండి లోపల ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. ‘ఒక్కసారి కూడా వేయలేదు సార్, కొత్తదానిలా ఉంది’ అన్నా సంబరపడొద్దు. ఏళ్ల తరబడి కదపని కర్ర బిగుసుకుపోయి ఉండొచ్చు. మట్టి నేల మీదికి తీసుకెళ్లి మూడు గుర్తులూ వేయించి, ఒక్కోదాంట్లో కాస్త దూరం నడిపి చూడాల్సిందే. కటకటమన్నా, దానంతటదే జారి వెనక్కి వచ్చేసినా ఆ బండిని వదిలేయాలి.

ఎవరికి ఏది?

జీపు అనగానే జిప్సీ గుర్తొస్తుంది. 1985లో వచ్చిన ఈ మారుతీ బండి సైన్యంలోనూ పోలీసుల దగ్గరా నలిగి పేరు తెచ్చుకుంది. బరువు దాదాపు వెయ్యి కిలోలే, అందుకే బురదలో తేలికగా తేలుతుంది. కొనేవాళ్లు 2000 తర్వాత వచ్చిన ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్ బండినే వెతుక్కోవాలి. కార్బురేటర్ ఉన్న పాతవి పల్చని గాలిలో ఆయాసపడతాయి. ఇంధనాన్ని ఇంజెక్టర్‌తో చిమ్మే ఇంజిన్ ఎత్తును బట్టి తనే సర్దుకుంటుంది. అయితే కమాను పట్టీల మీద కూర్చున్న బండి కాబట్టి గతుకుగతుకూ నడుముకు తెలుస్తుంది. పవర్ స్టీరింగ్ లేదు. ఎయిర్‌బ్యాగుల మాట సరేసరి. పెట్రోలు ట్యాంకు 40 లీటర్లు. మనాలీ దారిలో టాండీ బంకు దగ్గర ‘తర్వాతి బంకు 365 కిలోమీటర్లు’ అన్న బోర్డు ముందు నిలబడి ఫొటో దిగని ప్రయాణికుడుండడు. సామానుతో కొండలెక్కే జిప్సీ లీటరుకు ఎనిమిది కిలోమీటర్లకు పడిపోయిందనుకోండి, నిండు ట్యాంకు 320తో సరి. బండితోపాటు పెట్రోలు డబ్బా కూడా లెక్కలో వేసుకోవాలన్నమాట.

2010లో వచ్చిన మహీంద్రా థార్‌లో 2.5 లీటర్ల సీఆర్‌డీఈ డీజిల్ ఇంజిన్ ఉన్నది మంచి బండి. 105 హార్స్‌పవర్, దమ్మున్న ఇంజిన్. ఇబ్బందల్లా వెనక సీట్లతోనే. 2020లో కొత్త థార్ వచ్చేదాకా అవి ఎదురెదురుగా వేసిన బల్లలే. ఊళ్లో గంటసేపు సరదాగా ఉంటుంది. రెండున్నర వేల కిలోమీటర్లు పిల్లల్ని అడ్డంగా కూర్చోబెట్టి తీసుకెళ్లడం మాత్రం సబబు కాదు. ఇద్దరే వెళ్తారా, వెనక సామాను వేసుకుని హాయిగా వెళ్లొచ్చు. నలుగురైతే థార్ ముచ్చట పక్కన పెట్టడమే మంచిది.

కుటుంబానికైతే స్కార్పియో, 2019 దాకా వచ్చిన టాటా సఫారీల్లో ఫోర్‌వీల్ రకాలు వెతకొచ్చు. వెనక రాసి ఉన్న 4x4 అక్షరాల్ని నమ్మడానికి లేదు, యాభై రూపాయల స్టిక్కరు ఎవరైనా అంటించుకోవచ్చు. లోపల మీట ఉందా, కింద ముందు ఇరుసుకు షాఫ్టు వెళ్తోందా అన్నదే సాక్ష్యం. 2014లో వచ్చిన రెనో డస్టర్ ఏడబ్ల్యూడీ ఇంకో రకం. ఇందులో 4ఎల్ లేదు, మొదటి గేరునే బాగా పొట్టిగా పెట్టి సరిపెట్టారు. పెద్ద బండరాళ్లెక్కదు. కానీ సుదూర ప్రయాణంలో కారంత సుఖం. స్పితి వాగులకూ లద్దాఖ్ గతుకులకూ సరిపోతుంది. పిల్లలున్న ఇంటికి, నిజం చెప్పాలంటే, ముతక జీపుల కన్నా ఇదే నయం. విడిభాగాలు మీ ఊళ్లో దొరుకుతాయో లేదో ముందే కనుక్కోవాలి. ఆ మాటకొస్తే ఏ బండికైనా అసలు పరీక్ష అదే. పాత మిత్సుబిషి పజేరో చూడ్డానికి ఏనుగులా ఉంటుంది, చవగ్గానూ దొరుకుతుంది. దాన్ని అమ్మిన కంపెనీ మన దేశంలో కార్ల అమ్మకం ఆపేసి చాలా కాలమైంది. చిన్న భాగం పోయినా ఊరూరా వెతుక్కోవాలి. అందంలో అట్టడుగున ఉండే బొలెరో ఫోర్‌వీల్‌కు మాత్రం ఏ తాలూకాలోనైనా రిపేరు చేసే మెకానిక్ దొరుకుతాడు.

స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లండి

రంగు చూసి, సీటు కవర్లు చూసి, పాటల డబ్బా విని బండి కొనేవాళ్లే ఎక్కువ. ఇలాంటి బండి జాతకమంతా కింద ఉంటుంది. మీకు నమ్మకమున్న మెకానిక్‌ను వెంటబెట్టుకెళ్లి షెడ్డులో ర్యాంపు ఎక్కించమనాలి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే అక్కడితో బేరం చాలు. చాసిస్ పట్టీల్ని స్క్రూడ్రైవర్ మొనతో అక్కడక్కడా పొడిచి చూడాలి. గట్టి ఇనుమైతే ఠంగుమంటుంది. లోపలికి దిగబడితే తుప్పు తినేసినట్టు. బండి పదిహేనేళ్ల పాతదై, కింద మాత్రం నిగనిగలాడే కొత్త నల్లరంగు ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడాలి. సముద్రం ఒడ్డున తిరిగిన బళ్ల విషయంలో ఈ పరీక్ష తప్పనిసరి.

తర్వాత డిఫరెన్షియల్ హౌసింగ్ బిరడా విప్పించి నూనె చూడాలి. పాలు కలిపిన కాఫీలా ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టే. ఆ బండి వాగులో మునిగింది, ఎవరూ నూనె మార్చలేదు. నూనెలో ఇనుపరజను మెరిస్తే పళ్లు అరిగిపోతున్నాయని అర్థం. బండి చూడ్డానికి వస్తున్నాం, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా ఉందంటే మీకన్నా ముందే ఎవరో దాన్ని బతిమాలి లేపారన్నమాట. చల్లని ఇంజిన్ లేచేటప్పుడు సైలెన్సర్ నుంచి నీలంపొగ వస్తే ఇంజినాయిల్ కాలుతోంది. తెల్లపొగ ఆగకుండా వస్తుంటే రేడియేటర్ నీళ్లు లోపలికి చేరుతున్నాయేమో చూడాలి. అరవై, డెబ్బై వేగంలో స్టీరింగ్ గిలగిల కొట్టుకుంటే ముందు ఇరుసు బేరింగులో, బుష్‌లో పోయినట్టు.

టైర్ల పక్కన చివర నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. పళ్లు బాగున్నా ఆరేడేళ్లు దాటిన టైరుతో కొండలెక్కడం ప్రమాదం. నాలుగూ ఒకే సైజులో ఉండాలి, ఫోర్‌వీల్ బండికి ఇది మరీ ముఖ్యం.

ఇక హంగులు. ఎత్తు పెంచిన స్ప్రింగులు, బారెడు వెడల్పు టైర్లు, ముందు ఇనుప కమ్మీలు... ఫొటోల్లో కుర్రాళ్లు పడిపోయేది వీటికే. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు తగిలించే కమ్మీలు చట్టవిరుద్ధమని కేంద్రం 2017 చివర్లోనే రాష్ట్రాలకు రాసింది. ప్రమాదం జరిగాక బీమా కంపెనీ తవ్వేది ఇవే. ఎవరో ముచ్చటపడి పెట్టించుకున్న హంగులకు మీరు అదనంగా డబ్బివ్వనక్కర్లేదు. మార్పులేవీ చేయని బండికే రెండు రూపాయలు ఎక్కువైనా ఇవ్వొచ్చు.

చవక వెనక కాయితాలు

ఢిల్లీ డీజిల్ బళ్లు నమ్మలేనంత చవగ్గా కనిపిస్తాయి. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు అక్కడ తిరగకూడదన్న ఆంక్షను 2018లో సుప్రీంకోర్టు బలపరిచింది. 2025లో వ్యవహారం మళ్లీ కోర్టుకు చేరి కొంత సడలింది గానీ అమ్మేసేవాళ్ల తొందర తగ్గలేదు. బండి మంచిదే కావచ్చు. తెచ్చుకోవాలంటే అక్కడి ఆర్టీవో నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించి, బండి వయసును బట్టి జీవితకాల పన్ను కట్టాలి. ఇవన్నీ కలిపాక కూడా చవకేనా అని లెక్క వేసుకోవాలి. పదిహేనేళ్ల గడువు దగ్గర పడిందేమో ఆర్‌సీలో చూడాలి. మిలిటరీ వేలంలో కొన్న జిప్సీకైతే ముందు ఆర్‌సీ చేతికొచ్చాకే డబ్బు.

ఎక్కడి బండైనా చాసిస్ మీద చెక్కిన నంబరు, ఆర్‌సీలో నంబరు అంకె అంకే సరిపోలాలి. బండి మీద అప్పుంటే అది తీరినట్టు ఫారం 35 అడగాలి. ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని, బీమా మీ పేరు మీదికి మార్చమని 14 రోజుల్లోపే దరఖాస్తు చేయాలి.

డబ్బు మొత్తం బండికే పెట్టేస్తే రోడ్డు మీద చేతులు ఖాళీ. చేతిలో ఎనిమిది లక్షలుంటే ఆరు లక్షల బండి చూసుకోవాలి. మిగతా రెండూ టైర్లు, బ్రేకులు, బ్యాటరీ, గొట్టాలు, అన్ని నూనెలూ కొత్తగా మార్చడానికే. ఇవన్నీ అయ్యాక కూడా నేరుగా లేహ్ బాట పట్టకుండా ఒక శని, ఆదివారం సామానంతా వేసుకుని, ఇంట్లోవాళ్లందర్నీ ఎక్కించుకుని శ్రీశైలమో మారేడుమిల్లో వెళ్లి రావాలి. తిరిగొచ్చాక రాత్రి బండి కింద పాత పేపర్లు పరిచి, పొద్దున్నే ఎక్కడెక్కడ చుక్కలు పడ్డాయో చూసుకుని, ఆ పేపర్లతో సహా మెకానిక్ దగ్గరికి వెళ్లాలి.